ఒక్కసారి కూడా ఓడని బాక్సరే గొప్పవాడా?

కావలి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "అమెరికా బాక్సర్ మేవెదర్ 50 ఫైట్లు ఆడి ఒక్కటీ ఓడలేదు. అలీ 5 ఓడాడు. అయినా చాలామంది అలీనే గొప్ప అంటారు. అంటే ఓటమి లేని రికార్డుకు విలువ లేదా? మా తమ్ముడికి 17 ఏళ్లు. ఇప్పటికి 11 బౌట్లు ఆడి 11 గెలిచాడు. స్టేట్ సెలక్షన్స్‌కి వెళ్తే ఓడిపోతానేమో, రికార్డు పోతుందేమో అని వెనకాడుతున్నాడు. వాడికి ఏం చెప్పాలి?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఓటమి లేని రికార్డు ఒక్కటే చూసి బాక్సర్ గొప్పతనం చెప్పలేం. ఎవరి మీద గెలిచాడు, వాళ్లు అప్పుడు ఏ వయసులో, ఏ ఫామ్‌లో ఉన్నారు, తనకు దెబ్బ తగిలిన రోజు ఏం చేశాడు, ఇవన్నీ చూడాలి. ఇక మీ తమ్ముణ్ని తప్పకుండా సెలక్షన్స్‌కి పంపండి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

నేను ఆర్మీలో ఉన్న రోజుల్లో మా యూనిట్ టీమ్ తరఫున ఆడాను. రిటైరై వచ్చాక 20 ఏళ్లుగా ఒంగోలులో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాను. మీరు అడిగిన ప్రశ్న ప్రతి సంవత్సరం ఎవరో ఒక పిల్లవాడి నోటో, వాళ్ల నాన్న నోటో వింటూనే ఉంటాను.

మన వైపు తిరునాళ్లకు ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు కదా. అక్కడ పెద్దవాళ్లు మాట్లాడుకునేది ఎప్పుడైనా విన్నారా? "ఫలానా రైతు జత అన్ని చోట్లా ఫస్టే" అని ఎవరైనా అంటే, పక్కన కూర్చున్న ముసలాయన వెంటనే అడుగుతాడు: పళ్ల లెక్కన ఏ వయసు విభాగంలో? రెండు పళ్లా, నాలుగు పళ్లా, సీనియర్సా? బండ ఎంత బరువు? ఎన్ని నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయి? ఎదుటి జతలు ఎవరివి? ఇవన్నీ తెలిసేదాకా ఆయన తల ఊపడు. బాక్సింగ్ రికార్డు కూడా అలాగే చదవాలి. మనవాళ్లకు ఎడ్ల దగ్గర ఉన్న ఈ తెలివి, టీవీలో 50-0 (50 గెలుపులు, సున్నా ఓటములు) అనే అంకె కనిపించగానే ఎందుకో పక్కకు పోతుంది.

ఇక్కడ డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్‌కీ, మన పిల్లలు పతకాల కోసం ఆడే అమెచ్యూర్ బాక్సింగ్‌కీ తేడా ఒకటి చెప్పాలి. అమెచ్యూర్‌లో ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీస్తారు. మొదటి బౌట్లోనే నేషనల్ మెడలిస్ట్ పడొచ్చు. ఆడాల్సిందే. మూడు మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, అంతే. ఒక రౌండ్ బద్ధకంగా ఆడితే ఆ రోజు అక్కడితో అయిపోతుంది. అందుకే ఎన్నో ఏళ్లు ఆడి, ఒక్క ఓటమీ లేకుండా బయటికి వచ్చిన అమెచ్యూర్ నాకైతే కనిపించలేదు. ప్రొఫెషనల్‌లో అలా కాదు. అక్కడ ఎదుటివాణ్ని ఎంచుకుంటారు. ప్రమోటర్, మేనేజర్ కూర్చుని ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ, ఎంత డబ్బుకు అని మాట్లాడుకుంటారు. రికార్డులో సున్నా ఉన్న కుర్రాడికి టికెట్లు బాగా అమ్ముడుపోతాయి కాబట్టి దాన్ని కాపాడటానికి మొదటి పది, పదిహేను ఫైట్లకు సులువైన వాళ్లనే తెస్తారు. అది మోసం ఏమీ కాదు, కుర్రాడు రాటుదేలడానికి పనికొచ్చే పద్ధతే. కానీ ఆ గెలుపులను చివరి లెక్కలో ఏ తూకంతో వేయాలో చూసేవాళ్లకు తెలిసుండాలి.

మన విజేందర్ సింగ్‌నే చూడండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు, 2015లో ప్రొఫెషనల్ అయ్యాడు. వరసగా 12 గెలిచాడు. 2021 మార్చిలో గోవాలో రష్యా బాక్సర్ లోప్సాన్ చేతిలో మొదటిసారి ఓడాడు. ఆ 12 విజయాల కన్నా బీజింగ్ కాంస్యమే పెద్దదని నేను అంటాను. దానికి ముందు, తర్వాత అతను అమెచ్యూర్‌గా ఎన్ని ఓడినా సరే.

ఇప్పుడు రాకీ మార్సియానో సంగతి. హెవీవెయిట్ చాంపియన్లలో ఒక్క ఓటమీ, ఒక్క డ్రా కూడా లేకుండా రిటైరైంది ఆయనొక్కడే. 49 ఫైట్లు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. 1956లో 32 ఏళ్ల వయసులో గ్లవ్స్ విప్పేశాడు. ఆయన్ని తక్కువ చేసేవాళ్లు చెప్పే మాటల్లో నిజం లేకపోలేదు. 1951లో ఆయన ఓడించిన పాత చాంపియన్ జో లూయిస్‌కి అప్పటికి 37 ఏళ్లు, రిటైరై డబ్బు ఇబ్బందుల వల్ల మళ్లీ రింగ్‌లోకి వచ్చిన మనిషి. 1952లో ఎవరి మీద గెలిచి టైటిల్ తీసుకున్నాడో ఆ వాల్కాట్‌కి 38. ఆఖరి ఫైట్లో తలపడ్డ ఆర్చీ మూర్ కూడా నలభైకి దగ్గర పడ్డవాడే. పైగా అమెచ్యూర్‌గా 1948లో కోలీ వాలెస్ చేతిలో మార్సియానో ఓడాడు కూడా. ఆ ఓటమి 49-0లో కనిపించదు, ఎందుకంటే ప్రొఫెషనల్ లెక్క వేరే పుస్తకం.

ఇవన్నీ ఒప్పుకుంటూనే మార్సియానోని గొప్ప బాక్సర్ అంటాను. ఎందుకంటారా? 1952 సెప్టెంబర్, ఫిలడెల్ఫియా. జెర్సీ జో వాల్కాట్‌తో టైటిల్ ఫైట్. మొదటి రౌండ్లోనే ఎడమ హుక్ (చెయ్యి వంచి పక్క నుంచి కొట్టే పంచ్) తగిలి మార్సియానో కింద పడ్డాడు. ప్రొఫెషనల్‌గా అంతకు ముందు ఎప్పుడూ పడలేదు. 12 రౌండ్లు అయ్యేసరికి మార్కులు వేసే ముగ్గురి కార్డుల మీదా వెనకబడి ఉన్నాడు. నాకౌట్ చేస్తే తప్ప గెలవడు. 13వ రౌండ్లో వాల్కాట్ తాళ్ల దగ్గరికి జరిగినప్పుడు చాలా దగ్గర నుంచి కొట్టిన కుడి చేతి పంచ్‌తో ఫైట్ ముగిసింది. రెండేళ్ల తర్వాత ఎజార్డ్ చార్లెస్‌తో రెండో ఫైట్లో మార్సియానో ముక్కు చీలిపోయింది. రక్తం ఆగడం లేదు, డాక్టర్ ఏ క్షణమైనా ఆపేసేలా ఉన్నాడు. 8వ రౌండ్లో చార్లెస్‌ని పడేశాడు. ఈ రెండు రాత్రుల్లో ఏదో ఒకటి అటూ ఇటూ అయ్యుంటే రికార్డు 48-1 అయ్యేది. అప్పుడు మార్సియానో చిన్నవాడు అయిపోయేవాడా? ఆ మనిషి అంతే గట్టివాడుగా ఉండేవాడు, అంకె ఒక్కటే మారేది.

మేవెదర్ గురించి మీరు అడిగారు కాబట్టి న్యాయంగా మాట్లాడాలి. ఆయన 50-0 గాలిలోంచి వచ్చింది కాదు. 2007లో డెలా హోయా, 2013లో కానెలో, 2015లో పాకియావో, వీళ్లంతా పెద్దవాళ్లే. దెబ్బ తప్పించుకోవడంలో, దూరాన్ని చదవడంలో ఆయన అంతటివాడు అరుదు. భుజం అడ్డుపెట్టి పంచ్‌ని జారవిడిచే ఆయన పద్ధతిని నేను పిల్లలకు వీడియో ఆపి ఆపి చూపిస్తాను. కానీ ఆ 50లో మూడింటిని పక్కకు తీసి చూడండి. 2002 ఏప్రిల్లో హోసే లూయిస్ కాస్టియోతో మొదటి ఫైట్, కాస్టియోనే గెలిచాడని చాలామంది అభిప్రాయం. మేవెదర్ అదే ఏడాది డిసెంబర్లో మళ్లీ తలపడి గెలిచాడు, ఆ మెచ్చుకోలు ఆయనకు ఇవ్వాల్సిందే. పాకియావోతో ఫైట్ గురించి ఏళ్ల తరబడి మాటలు నడిచి చివరికి 2015లో జరిగింది. అప్పటికి పాకియావో వయసు 36. మార్కెజ్ చేతిలో ఘోరంగా నాకౌటై రెండేళ్లు దాటింది. ఇక 50వ ఫైట్ 2017లో కానర్ మెక్‌గ్రెగర్ మీద. మెక్‌గ్రెగర్ అంతకు ముందు ఒక్క ప్రొఫెషనల్ బాక్సింగ్ ఫైట్ కూడా ఆడలేదు. మార్సియానో 49ని దాటించిన ఆ ఒక్క అంకె బాక్సింగే వృత్తి కాని మనిషి మీద వచ్చింది.

రికార్డులో సున్నా ఉండటం వేరు, నిజంగా ఓడకపోవడం వేరు. 1993 సెప్టెంబర్లో మెక్సికో వీరుడు చావెజ్ 87 గెలిచి ఒక్కటీ ఓడకుండా పెర్నెల్ విటేకర్ ముందుకు వచ్చాడు. 12 రౌండ్లు విటేకర్ ఆయన్ని ఆడుకున్నాడు. జడ్జీలు డ్రా అన్నారు. పుస్తకంలో చావెజ్ ఓడలేదు. ఆ ఫైట్ చూసిన ఏ కోచ్‌ని అడిగినా వేరే మాట చెప్తాడు. నాలుగు నెలల తర్వాత ఫ్రాంకీ రాండల్ చేతిలో చావెజ్‌కి మొదటి ఓటమి రాశారు.

ఇక ఓడినవాళ్ల దగ్గరికి వద్దాం. నాకు మనసుకు దగ్గరైన విషయం ఇదే.

బాక్సింగ్ చరిత్ర చదివినవాళ్లలో ఎక్కువమంది అందరికన్నా పైన పెట్టే పేరు షుగర్ రే రాబిన్సన్. ఆయనకు 19 ఓటములు ఉన్నాయి. మొదటి 40 గెలిచాక 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో జేక్ లమోటా చేతిలో ఓడాడు. లమోటా ఆయనకన్నా దాదాపు 7 కిలోలు బరువు ఎక్కువ. ఇప్పటి ప్రమోటర్ అయితే అలాంటి ఫైట్ ఒప్పుకోనే ఒప్పుకోడు. రాబిన్సన్ ఏం చేశాడో చూడండి. అదే నెల 26న, అంటే మూడు వారాలకు, మళ్లీ లమోటాతోనే రింగ్ ఎక్కాడు. మధ్యలో ఇంకొకడితో ఒక ఫైట్ కూడా ఆడేశాడు. రెండోసారి లమోటా మీద గెలిచాడు. ఆ తర్వాత 1951 జులై దాకా, ఎనిమిదేళ్లకు పైగా ఎవరి చేతిలోనూ ఓడలేదు. లమోటాతో మొత్తం ఆరుసార్లు ఆడి ఐదు గెలిచాడు.

జో లూయిస్ కథ మీ తమ్ముడికి తప్పకుండా చెప్పండి. 1936 నాటికి లూయిస్ కూడా ప్రొఫెషనల్‌గా ఓటమి ఎరగడు. జర్మనీ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ అతని ఫైట్లు జాగ్రత్తగా చూసి ఒక లోపం పట్టుకున్నాడు. లూయిస్ జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే పంచ్) కొట్టి ఎడమ చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడు కిందికి జారుస్తున్నాడు. గడ్డం ఖాళీ. అంతకు ముందు ఓడినవాళ్లకు ఆ లోపం కనిపించినా దాన్ని వాడుకునే సత్తా లేదు. ష్మెలింగ్‌కి ఉంది. రౌండ్ తర్వాత రౌండ్ ఆ ఖాళీలోనే కుడిచేత్తో కొట్టి 12వ రౌండ్లో నాకౌట్ చేశాడు. లూయిస్ మళ్లీ నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది చాంపియన్ అయ్యాడు. 1938లో ష్మెలింగ్‌ని మొదటి రౌండ్లోనే పడేశాడు. వరసగా 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఆ ఎడమ చెయ్యి సంగతి 1936లో బయటపడకపోతే ఎప్పుడు, ఎవరి ముందు బయటపడేదో!

అలీ ఓడిన ఐదింటి గురించి రెండు మాటలు. ఫ్రేజియర్, నార్టన్, స్పింక్స్, ఈ ముగ్గురి చేతిలో ఓడాడు, ముగ్గురి మీదా మళ్లీ ఆడి గెలిచాడు. మిగతా రెండు ఓటములు 1980లో, 1981లో, 38, 39 ఏళ్ల వయసులో వచ్చినవి. అవి అసలు జరగకూడని ఫైట్లు. వాటిని పట్టుకుని మేవెదర్‌తో పోల్చడం అన్యాయం.

మన తెలుగమ్మాయి నిఖత్ జరీన్ సంగతి ఎవరూ మరచిపోకూడదు. నిజామాబాద్ అమ్మాయి. 2019 డిసెంబర్లో ఒలింపిక్ క్వాలిఫయర్ ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడింది, దేశమంతా చూస్తుండగా. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ చాంపియన్. ఆ మేరీ కోమ్ కూడా 2001లో తన మొదటి ప్రపంచ పోటీల ఫైనల్ ఓడి వెండితో తిరిగి వచ్చి, తర్వాత ఆరు బంగారాలు గెలిచిన మనిషే.

ఇప్పుడు నా దగ్గర జరిగిన రెండు సంగతులు చెప్తాను. పేర్లు చెప్పను.

ఒక అబ్బాయి చీమకుర్తి నుంచి వచ్చేవాడు. వాళ్ల నాన్న గ్రానైట్ క్వారీలో పని. వేగం, బలం, రెండూ దేవుడు ఇచ్చాడు. మూడేళ్లలో జిల్లా పోటీలు, చుట్టుపక్కల టోర్నమెంట్లు కలిపి 14 ఆడితే 14 గెలిచాడు. అందులో కొన్ని వాకోవర్లు, అంటే ఎదుటివాడు రింగ్‌లోకి రాకపోతే ఇచ్చే గెలుపులు. జిల్లా స్థాయిలో కొన్ని బరువుల్లో ఇద్దరే ఎంట్రీలు ఉంటాయి, ఒక్క బౌట్ గెలిస్తే గోల్డ్ మెడల్ మెడలో పడుతుంది, ఈ విషయం మీకూ తెలిసే ఉంటుంది. వాడికి కూడా లూయిస్ లోపమే ఉంది. జాబ్ కొట్టి ఎడమ చెయ్యి నడుము దాకా దించేసేవాడు. నేను రోజూ చెప్పేవాణ్ని. "గెలుస్తున్నాను కదా సార్" అనేవాడు. నిజమే, గెలుస్తున్నాడు. నేను చేసిన తప్పు ఏమిటంటే, గట్టి పిల్లలు వస్తారని తెలిసిన రెండు టోర్నమెంట్లకు వాణ్ని పంపలేదు. ఊళ్లో అందరూ "ఓటమి లేని అబ్బాయి" అంటుంటే నాకూ సంతోషంగా ఉండేది. చివరికి స్టేట్ మీట్‌లో మొదటి బౌట్ విశాఖ కుర్రాడితో పడింది. మొదటి రౌండ్ మనవాడిదే. రెండో రౌండ్లో ఆ కుర్రాడు ఖాళీ చూసుకుని కుడి చెయ్యి వేశాడు. గట్టి దెబ్బ తిన్నవాడికి రెఫరీ అంకెలు లెక్కపెట్టే కౌంట్. మళ్లీ అదే పంచ్, మళ్లీ కౌంట్. రెఫరీ బౌట్ ఆపేశాడు. వాడికి దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ బస్సులో ఒంగోలు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాతి సోమవారం రాలేదు. ఇంటికి వెళ్లి అడిగాను, రెండుసార్లు. రానన్నాడు. 14 గెలుపుల్లో వాడికి ఓడిపోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు, ముఖ్యంగా నేను నేర్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రెండోవాడు కొత్తపట్నం దగ్గర పల్లెపాలెం అబ్బాయి. తెల్లారుజామున నాన్నతో వల లాగి, తర్వాత సైకిల్ మీద ప్రాక్టీస్‌కి వచ్చేవాడు. మొదటి 7 బౌట్లలో 5 ఓడాడు. ప్రతి ఓటమి తర్వాత నాతో కూర్చుని ఒక నోట్‌బుక్‌లో రాసేవాడు: ఏ పంచ్ తగిలింది, అప్పుడు నా కాళ్లు ఎక్కడున్నాయి, ఊపిరి ఎప్పుడు అయిపోయింది. నెల్లూరు కుర్రాడు ఒకడు వాణ్ని రెండుసార్లు ఓడించాడు. నోట్‌బుక్‌లో ఆ కుర్రాడికే నాలుగు పేజీలు. మూడోసారి వీడు గెలిచాడు, అదీ అలా ఇలా కాదు, మూడు రౌండ్లూ గెలిచాడు. తర్వాత స్టేట్ గోల్డ్ వచ్చింది. నేషనల్స్‌లో క్వార్టర్స్ దాకా వెళ్లి ఓడాడు. ఇప్పుడు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి రికార్డు కాగితం మీద చూస్తే ఎవరూ మెచ్చుకోరు. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఉత్తమ బాక్సర్ ఎవరంటే వాడి పేరే చెప్తాను.

దీన్ని ఓడిపోవడమే మంచిదని అర్థం చేసుకోకండి. దెబ్బలు తిని ఓడటం వల్ల లాభం లేదు, ప్రమాదం ఉంది. మరీ పెద్ద తేడా ఉన్నవాడితో, బరువు ఎక్కువున్నవాడితో పిల్లల్ని దించకూడదు. తలకు గట్టి దెబ్బ తగిలి బౌట్ ఆగితే డాక్టర్ చెప్పినన్ని రోజులు రింగ్‌కి, స్పారింగ్‌కి (ప్రాక్టీస్ ఫైట్లకు) కూడా దూరంగా ఉండాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. సెలక్షన్స్‌లో బరువు కోసం రెండు రోజులు తిండి, నీళ్లు మానేసే పిల్లలు ఉంటారు, మీ తమ్ముణ్ని అలా చేయనివ్వకండి. సహజంగా ఉండే బరువులోనే ఆడమనండి.

మీ తమ్ముడి 11 గెలుపుల గురించి నాకు కొన్ని తెలియాలి. ఒక కాగితం మీద రాయమనండి. ఎదుటివాళ్లు ఎన్నేళ్లుగా ఆడుతున్నారు? వాకోవర్లు ఎన్ని? ఎన్నిటిలో మూడు రౌండ్లూ పూర్తిగా ఆడాడు? ఏ బౌట్లోనైనా మొదటి రౌండ్ పోగొట్టుకుని తర్వాత గెలిచాడా? ఈ ఆఖరిది నాకు అన్నిటికన్నా ముఖ్యం. అలాంటిది ఒక్కటి ఉన్నా ఆ పిల్లవాడి మీద నాకు గట్టి నమ్మకం కలుగుతుంది. ఒక్కటీ లేకపోతే, వాడు ఇంకా పరీక్ష రాయలేదని అర్థం. 17 ఏళ్లకు అందులో తప్పేమీ లేదు. ఇప్పుడు రాయాలి, అంతే.

సెలక్షన్స్‌కి ముందు నెల రోజులు ఉన్నాయనుకుంటే, వారానికి రెండుసార్లు తనకన్నా అనుభవం ఉన్నవాళ్లతో స్పారింగ్ పెట్టించండి. రౌండ్ ఎవరిది అని ఎవరూ లెక్క వేయొద్దు. కోచ్ ఒకే ఒక్క పని ఇవ్వాలి, ఉదాహరణకు జాబ్ కొట్టాక చెయ్యి గడ్డం దగ్గరికే తిరిగి రావాలి. ఆ మూడు నిమిషాలూ అదొక్కటే చూడాలి. అక్కడ దెబ్బలు తిన్న రోజు ఇంటికి వచ్చి మొహం మాడ్చుకుంటే మీరు రికార్డు ఊసు ఎత్తకండి. అన్నం పెట్టి, ఏ పంచ్ తగిలిందో అడగండి. టెన్షన్ సగం ఇంట్లోంచే వస్తుంది. "మా వాడు ఓడలేదు" అని బంధువుల ముందు చెప్పడం కొన్నాళ్లు ఆపండి. మీరు ప్రేమతోనే చెప్తారు, కానీ వాడు దాన్ని మోయాల్సిన బరువులా వింటున్నాడని మీ ప్రశ్న చదివితే నాకు అనిపించింది.

మీకు వీలైతే ఒక ఆదివారం వాణ్ని ఒంగోలు తీసుకురండి. నా దగ్గర వాడి బరువుకు దగ్గరగా ఇద్దరున్నారు, ఒకడు ఎడమచేతి వాటం. ఉదయం ఆరుకల్లా మొదలుపెడతాం కాబట్టి ముందు రోజు సాయంత్రమే రైలెక్కి వచ్చేయండి, మా ఇంట్లో పడుకోవచ్చు. గమ్‌షీల్డ్ (పళ్లకు పెట్టుకునేది), హెడ్‌గార్డ్ వాడివే తెచ్చుకోమనండి. ఆ కాగితం కూడా.